సముద్రంలో గ్యాస్, ఊళ్లో గొడవ: హైదరాబాద్‌లో ఉంటున్న తీరప్రాంతం వాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

కూకట్‌పల్లి, నిజాంపేట, మియాపూర్‌లలో ఏ అపార్ట్‌మెంట్‌లో చూసినా కోనసీమ నుంచో, కాకినాడ వైపు నుంచో వచ్చినవాళ్లు ఒకరిద్దరైనా కనిపిస్తారు. తీరంలో గ్యాస్ కోసం తవ్వే కొత్త రిగ్గు మాట వినపడగానే ఊరి నుంచి వీళ్లకు ఫోన్లు మొదలవుతాయి. ‘వ్యతిరేక పత్రం మీద సంతకం పెట్టు’ అని ఒకరు, ‘పెట్టకు’ అని మరొకరు. పండక్కి ఊరెళ్లినప్పుడు అరుగుల మీద, ఇక్కడ కార్తీక వనభోజనాల్లో మళ్లీ మళ్లీ వచ్చే ప్రశ్నలివి. కేసు దాకా వెళ్లే ఆలోచన ఉంటే మాత్రం వకీలును కలవాల్సిందే. ఈ పేజీ అందుకు సరిపోదు.

అసలు ఊళ్లో వాళ్లు గ్యాస్ వద్దంటున్నారా?

కొందరు అంటున్నారు. ఎక్కువమంది గొడవ వేరు. వేట ఎన్నాళ్లు ఆగుతుంది, ఎవరికి ఎంత ఇస్తారు, పైపు ఎటు నుంచి వస్తుంది అనే మూడు ముక్కలు పని మొదలుకాక ముందు చెప్పమంటున్నారు. చెప్పకుండా పడవలు వచ్చేస్తాయి కాబట్టి జనం రేవులో అడ్డం నిలబడతారు. టీవీలో అదే ‘గ్యాస్‌ను అడ్డుకున్న మత్స్యకారులు’ అని వస్తుంది. ఇక్కడ కూర్చుని ఆ స్క్రోలింగ్ చదివినవాళ్లకు ఊరంతా అభివృద్ధికి అడ్డం పడుతున్నట్టు అనిపించడం సహజమే.

ఎక్కడో నడిసముద్రంలో తవ్వితే ఊరికి ఏమవుతుంది?

బావి నడిసముద్రంలో ఉన్నా గ్యాస్ ఒడ్డుకు రావాలి కదా. రిలయన్స్ వాళ్ల డీ6 అనే సముద్రపు బ్లాకు గ్యాస్ తాళ్లరేవు మండలం గాడిమొగ దగ్గర ఒడ్డెక్కుతుంది. ఓఎన్‌జీసీకి అల్లవరం మండలం ఓడలరేవులో టెర్మినల్ ఉంది. గుజరాత్ ప్రభుత్వ సంస్థ జీఎస్‌పీసీ మల్లవరంలో కట్టుకున్న టెర్మినల్, 2017లో ఆ సంస్థ దీన్‌దయాళ్ గ్యాస్ క్షేత్రంలో 80 శాతం వాటా కొన్న ఓఎన్‌జీసీ చేతికి వచ్చింది. గౌతమి, వైనతేయ, వశిష్ఠ పాయలు సముద్రంలో కలిసే మొగలు, కోరంగి మడ అడవులు, తాబేళ్లు గుడ్లు పెట్టే ఇసుక తిప్పలు, అన్నీ ఈ చుట్టుపక్కలే.

చిన్న పడవ వాడికి సముద్రం అంటే ఒడ్డుకు దగ్గరగా ఉన్న పట్టీయే. 1994 నాటి ఆంధ్రప్రదేశ్ సముద్ర వేట నియంత్రణ చట్టం కింద ఒడ్డు నుంచి 8 కిలోమీటర్ల దాకా సంప్రదాయ పడవలకే వదిలారు, మరబోట్లు రాకూడదు. పైపు ఒడ్డెక్కాలంటే సరిగ్గా ఆ పట్టీని కోసుకుంటూ రావాలి. పెద్ద బోటు వాడు పక్కకు తిప్పుకుని ఇంకో చోట వల వేస్తాడు. నాటు పడవ వాడికి డీజిలూ చాలదు, ఆ దూరానికి పడవా తట్టుకోదు.

ప్లాట్‌ఫారం చుట్టూ 500 మీటర్లే కదా నిషేధం? అంత సముద్రంలో అదెంత?

కాగితం మీద చిన్నదే, లెక్కేస్తే ఒక చదరపు కిలోమీటరు కూడా రాదు. కంపెనీ వాళ్లు చూపించేదీ ఆ గుండ్రమే. అయితే పని జరిగే నెలల్లో సముద్రం మీద తిరిగేది ఆ గుండ్రం ఒక్కటే కాదు. ముందు సముద్రం అడుగున గ్యాస్ జాడ వెతికే సీస్మిక్ సర్వే ఓడ వస్తుంది. దాని వెనక కిలోమీటర్ల పొడవున తీగలు తేలుతూ ఉంటాయి, కాపలా పడవలు ‘దూరం పో’ అని సైరన్ వేస్తాయి. తర్వాత రిగ్గు, దానికి సరుకు మోసే ఓడలు, పైపు పరిచే బార్జి, దాని నాలుగు వైపులా లంగర్లు. రాత్రి వేసిన వల తెల్లారి తీసేసరికి చిరిగి ఉంటే, ఏ ఓడ కింద పడి చిరిగిందో ఆ మనిషి ఎలా రుజువు చేస్తాడు? అందుకే వల పోయిన రోజే తారీఖు, జీపీఎస్ లొకేషన్, కనిపించిన ఓడ పేరు రాసి, మత్స్యశాఖ ఆఫీసులో అర్జీ ఇచ్చి రసీదు తీసుకోమని ఊళ్లో కుర్రాళ్లకు చెప్పండి. ఇప్పుడు అందరి చేతుల్లో ఫోన్లున్నాయి. ఫొటో తీస్తే లొకేషన్ కూడా పడుతుంది.

మన ఊరి సముద్రం మీద మన పంచాయతీకి హక్కు లేదా? రాయల్టీ అయినా రాదా?

రాజ్యాంగం 297వ అధికరణం ప్రకారం సముద్రం అడుగున ఉన్న ఖనిజాలన్నీ కేంద్రానివి. నేల మీద బావి అయితే రాయల్టీ రాష్ట్రానికి పోతుంది, సముద్రంలో బావి అయితే కేంద్రానికి. అంటే తాటిపాకలో తీసిన గ్యాస్‌కు ఆంధ్రప్రదేశ్‌కు వాటా ఉంది, ఆ పక్కనే సముద్రంలో తీసిన దానికి లేదు. కేజీ (కృష్ణా-గోదావరి) బేసిన్ గ్యాస్‌లో మాకూ వాటా ఇవ్వండని రాష్ట్రం నుంచి ఏళ్లుగా వినపడుతున్న డిమాండ్‌కు మూలం ఇదే.

వేట విషయం తలకిందులు. 12 నాటికల్ మైళ్ల లోపల చేపల వేట రాష్ట్రం పరిధి, దాని బయట కేంద్రం పరిధి. ఒకే నీళ్లలో చేపకు ఒక ప్రభుత్వం, చేప కిందున్న గ్యాస్‌కు ఇంకో ప్రభుత్వం. అర్జీ పట్టుకుని ఎవరి దగ్గరికి వెళ్లినా ‘అది మాది కాదు’ అనడానికి ఇంతకంటే మంచి ఏర్పాటు ఉండదు.

గ్రామసభ తీర్మానంతో సముద్రపు ప్రాజెక్టు ఆగదు. గ్రామసభకు ప్రత్యేక అధికారాలిచ్చే పీసా చట్టం గిరిజన షెడ్యూల్డ్ ప్రాంతాలకే. అలాగని తీర్మానం దండగ అనుకోకండి. తర్వాత ట్రిబ్యునల్‌లోనో హైకోర్టులోనో ‘ఊరు ఫలానా తారీఖున ఈ అభ్యంతరం చెప్పింది’ అని చూపించే కాగితం అదే అవుతుంది.

ప్రజాభిప్రాయ సేకరణ పెట్టకుండానే రిగ్గు వచ్చేసిందట. అది చెల్లుతుందా?

చాలావరకు చెల్లుతుంది, కోపం తెప్పించే సంగతీ ఇదే. 2020 జనవరి 16న కేంద్ర పర్యావరణ శాఖ పర్యావరణ అనుమతుల నోటిఫికేషన్‌ను సవరించి, నిక్షేపాలు ఉన్నాయో లేదో చూసే అన్వేషణ తవ్వకాలను బీ2 వర్గంలోకి దించింది. బీ2 అంటే ప్రజాభిప్రాయ సేకరణ అక్కర్లేదు. గ్యాస్ దొరికాక ఉత్పత్తికి వెళ్లేటప్పుడు మాత్రం అది ప్రజాభిప్రాయ సేకరణ ఉండే ‘ఏ’ (A) వర్గం కిందే ఉంది. అంటే ఊరికి మొదటి రిగ్గు కనపడేటప్పటికి మాట్లాడే వేదిక ఉండదు, వేదిక వచ్చేసరికి కోట్లు ఖర్చయిపోయి వెనక్కి పోయే పరిస్థితి ఉండదు. నా మటుకు నాకు ఈ ఒక్క సవరణే తీరం వాళ్లకు జరిగిన పెద్ద నష్టం.

ఉత్పత్తి దశలో కూడా పర్యావరణ నివేదికలో ఏమేం ఉండాలో చెబుతూ కేంద్రం కంపెనీకి ఇచ్చే టీఓఆర్ పత్రంలో ప్రజాభిప్రాయ సేకరణ రాసి ఉందా, మినహాయింపు ఇచ్చారా అని ముందే చూసుకోవాలి. అది కేంద్రం పర్యావరణ అనుమతుల వెబ్‌సైట్ పరివేష్ పోర్టల్‌లో దొరుకుతుంది. ఊళ్లో నెట్ సరిగ్గా రాని చోట ఈ పని హైదరాబాద్‌లో ఉన్నవాళ్లు చేసిపెట్టొచ్చు. అరగంట పని.

ప్రజాభిప్రాయ సేకరణ రోజు ఏం జరుగుతుంది? అందరం బహిష్కరిస్తే ఆగిపోతుందా?

ఆగదు. 2006 పర్యావరణ ప్రభావ మదింపు నోటిఫికేషన్‌లో కోరం అనేదే లేదు. పదిమంది వచ్చినా జరిగినట్టే. బహిష్కరించిన ఊరి మాట మినిట్స్‌లోకి ఎక్కదు. వచ్చి ‘మాకు బ్రహ్మాండం’ అన్న నలుగురి మాట మాత్రం ఎక్కుతుంది. వాళ్లను ఎవరు తెస్తారో మీకు నేను చెప్పక్కర్లేదు.

తతంగం ఇలా ఉంటుంది. కనీసం 30 రోజుల ముందు ఒక జాతీయ పత్రికలో, ఒక తెలుగు పత్రికలో ప్రకటన రావాలి. పర్యావరణ ప్రభావం మీద ముసాయిదా నివేదికను, తెలుగు సారాంశాన్ని కలెక్టరేట్, జిల్లా పరిషత్, జిల్లా పరిశ్రమల కేంద్రం, పంచాయతీ లాంటి చోట్ల అందరికీ అందుబాటులో ఉంచాలి. ఆ రోజు షామియానా వేస్తారు, పోలీసులు వస్తారు, మజ్జిగ ప్యాకెట్లు వస్తాయి. కలెక్టర్ గానీ, ఆయన తరఫున అదనపు జిల్లా మేజిస్ట్రేట్ స్థాయికి తగ్గని అధికారి గానీ అధ్యక్షత వహిస్తారు. కాలుష్య నియంత్రణ మండలి అధికారి పక్కన కూర్చుని రాసుకుంటారు. మొత్తం వీడియో తీయాలి. కంపెనీ మనిషి ప్రాజెక్టు గురించి చెప్పాక, వచ్చిన ప్రతి ఒక్కరికీ అడిగే హక్కు ఉంది.

అన్నిటికంటే ముఖ్యమైంది చివర్లో వస్తుంది, అప్పటికి అందరూ ఇంటిదారి పట్టేస్తారు. ఎవరేమన్నారో రాసుకున్నదంతా సభ ముగిసేటప్పుడు తెలుగులో చదివి వినిపించాలి, అదే రోజు సంతకం చేయాలి. ‘వేట పోతుందని మత్స్యకారులు ఆందోళన వ్యక్తం చేశారు’ అని ఒక్క వాక్యంలో చుట్టేస్తే అక్కడే లేచి, ‘నేను చెప్పింది అది కాదండి, పైపు దారి మార్చమన్నాను, అది రాయండి’ అనాలి. అందుకని ఊరి నుంచి గట్టిగా మాట్లాడేవాళ్లతో పాటు, చివరిదాకా కూర్చునే ఓపిక ఉన్న ఇద్దర్ని కూడా పంపండి. నా అనుభవంలో ఈ ఇద్దరే దొరకడం కష్టం.

అడిగే ప్రశ్న ఎంత చిన్నదైతే జవాబు అంత తప్పించుకోలేనిదవుతుంది. ‘మా బతుకులు ఏమైపోవాలి’ అంటే ‘కంపెనీ అన్ని జాగ్రత్తలు తీసుకుంటుంది’ అని వస్తుంది. ‘పైపు పరిచే పని ఏ నెలలో? ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా ఎలాగూ వేట నిషేధం కదా, ఆ 61 రోజుల్లో ఒడ్డు దగ్గరి పని ఎంత చేయగలరు?’ అని అడిగితే ఏదో ఒకటి చెప్పి తీరాలి, చెప్పింది రాసుకోవాలి.

నష్టపరిహారం ఇంతకుముందు ఎవరికైనా వచ్చిందా?

వచ్చింది. ఎలా వచ్చిందో తెలుసుకుంటే ఈసారి ఏం అడగాలో తెలుస్తుంది.

జీఎస్‌పీసీ తవ్వకాలప్పుడు 13 నెలలు వేట పోయిందని లెక్క తేలితే, 6 నెలలకే డబ్బు చేతికొచ్చింది. మిగతా 7 నెలలది ఏళ్లు గడిచాక, కంపెనీ చేతులు మారాక, 2019 నవంబర్‌లో ముమ్మిడివరం సభలో రాష్ట్ర ప్రభుత్వం ఇచ్చింది. 16,559 కుటుంబాలకు నెలకు 6,750 రూపాయల చొప్పున, మొత్తం 78 కోట్ల పైచిలుకు. తర్వాత ఓఎన్‌జీసీ పైపులైను పనులకు సంబంధించి 2022 మే నెలలో ఐ.పోలవరం మండలం మురమళ్లలో 23,458 కుటుంబాలకు నెలకు 11,500 చొప్పున 4 నెలలది, అంటే కుటుంబానికి 46,000 ఇచ్చారు. 2023 నవంబర్‌లో ఇంకో 6 నెలలది, 69,000.

ఈ అంకెలు చూపించి ‘ఇచ్చారుగా, ఇంకేం కావాలి’ అనేవాళ్లు మన అపార్ట్‌మెంట్లలోనే ఉన్నారు. మొదటి దాంట్లో మిగిలిన 7 నెలల డబ్బు కోసం వాళ్లు ఎన్నేళ్లు తిరిగారో చూడండి. ఈలోపు పడవకు, వలకు, ఇంజనుకు తెచ్చిన అప్పుకు వడ్డీ ఆగదు. వేట ఆగిన నెలలోనే డబ్బు పడాలి అనే షరతు కోసం పోరాడటం, రేటు పెంచమని పోరాడటం కంటే ముఖ్యమని నా అభిప్రాయం. దీనితో ఏకీభవించని పెద్దలు ఊళ్లో చాలామందే ఉన్నారు.

రెండో చిక్కు జాబితా. డబ్బు కుటుంబం లెక్కన వస్తుంది. ఒకే పొయ్యి మీద వండుకునే ఇద్దరు అన్నదమ్ములు ఒక కుటుంబమా, రెండా? పడవ ఉన్నవాడూ, పడవలో కూలికి వెళ్లేవాడూ ఒకటేనా? రేవులో పాట పాడి చేపలు కొని, బుట్టలో పెట్టుకుని అమలాపురం సంతకు తీసుకెళ్లే ఆడమనిషి వేటకు వెళ్లదు. వేట లేకపోతే ఆమె బుట్టా ఖాళీయే. తిప్ప మీద చేపలు ఎండబెట్టేవాళ్లు, మడల్లో పీతలు పట్టేవాళ్లు సరేసరి. మీ అమ్మలు, అత్తలు, పిన్నిల పేర్లు మత్స్యశాఖ రికార్డుల్లో ఉన్నాయో లేదో ఇప్పుడే చూసుకోండి. గొడవ మొదలయ్యాక కొత్త పేరు ఎక్కించడం గగనం.

ఇంకో మాట. వేట నిషేధ కాలంలో ప్రభుత్వం ఇచ్చే భృతి, 2025 నుంచి 20,000 అయింది. అది వేరు, ఇది వేరు. ‘మీకు ఆల్రెడీ వస్తోందిగా’ అంటే ఒప్పుకోవద్దు. కంపెనీ సీఎస్ఆర్ (సామాజిక బాధ్యత) కింద కట్టించే కమ్యూనిటీ హాలు, నీళ్ల ట్యాంకు కూడా నష్టపరిహారం కాదు.

ఉద్యోగాలొస్తాయంటున్నారు?

పని జరిగినన్నాళ్లు కాంట్రాక్టు పనులు ఉంటాయి. సెక్యూరిటీ, డ్రైవర్లు, క్యాంటీన్. శాశ్వతమైనవి చాలా తక్కువ, వాటికి కావలసిన చదువు వేరు.

ఎన్నాళ్లు ఉంటాయి అన్నదీ చూడాలి. డీ6లో మొదటి క్షేత్రం 2009 ఏప్రిల్‌లో మొదలైంది. అప్పట్లో దేశం జాతకం మారిపోతుందన్నారు. ఏడాదికల్లా తారస్థాయికి చేరి, అక్కడి నుంచి పడిపోతూ 2020 ఫిబ్రవరిలో ఆగిపోయింది. ఆ తర్వాత అదే బ్లాకులో వేరే క్షేత్రాలు మొదలయ్యాయనుకోండి. దీన్‌దయాళ్ క్షేత్రంలో 20 ట్రిలియన్ ఘనపుటడుగుల గ్యాస్ ఉందని 2005లో ఘనంగా ప్రకటించారు, చివరికి తేలింది అందులో చిన్న ముక్క. కంపెనీ లెక్కే అంత తప్పితే, దాన్ని నమ్ముకుని బీటెక్ బ్రాంచి ఎంచుకున్న కుర్రాడి సంగతేంటి?

పాశర్లపూడి, నగరం అనే ఊళ్లలో జరిగిన ప్రమాదాలు మళ్లీ జరుగుతాయా?

1995 జనవరిలో పాశర్లపూడిలో బావి నుంచి గ్యాస్ అదుపు తప్పి ఎగదన్నిన బ్లోఔట్ 65 రోజులు మండింది. 2014 జూన్ 27 తెల్లవారుజామున నగరం గ్రామంలో గెయిల్ పైపు పేలి 20 మందికి పైగా చనిపోయారు. ఆ రెండూ నేల మీదివి, సముద్రపు బావులవి కావు. కంపెనీ వాళ్లు ఈ తేడా చెబుతారు, అది నిజమే. నగరం ప్రమాదం మాత్రం ఇంకో పాఠం కూడా చెబుతోంది. తడి తీసేసిన గ్యాస్ వెళ్లాల్సిన పైపులో నీరు, ద్రవాలు కలిసిన గ్యాస్ పోయింది, లోపల తుప్పు పట్టింది, ఇళ్ల మధ్య పగిలింది. సముద్రపు గ్యాస్ కూడా ఒడ్డెక్కాక ఊళ్ల మధ్య నుంచే పైపులో పోతుంది. కాబట్టి అడగాల్సింది ‘ప్రమాదం జరుగుతుందా’ అని కాదు. పైపు లోపలి తనిఖీ ఎప్పుడెప్పుడు చేస్తారు, ఆ నివేదిక పంచాయతీకి ఇస్తారా, రాత్రి మూడు గంటలకు వాసన వస్తే ఎవరికి ఫోన్ చేయాలి అని.

నేల కుంగిపోతోందంటున్నారు. నిజమేనా?

డెల్టా నేల ఎప్పుడూ కొద్దికొద్దిగా దిగుతూనే ఉంటుంది, గోదారి తెచ్చే ఒండ్రు పైన పడుతూ సరిచేస్తుంది. ఎగువన ఆనకట్టలు కట్టాక ఒండ్రు తగ్గింది, కోత పెరిగింది. గ్యాస్ తీయడం వల్ల నేల దిగడం కూడా కట్టుకథేమీ కాదు. నెదర్లాండ్స్‌లో గ్రోనింగెన్ అనే చోట గ్యాస్ తీసి తీసి భూకంపాలు వచ్చి, ఇళ్లు బీటలు వారి, చివరికి 2023 అక్టోబర్‌లో ఉత్పత్తి ఆపేశారు. అయితే అది నేల మీది క్షేత్రం. మన దగ్గర పోలిక పెట్టాలంటే కోనసీమ నేల మీది పాత బావులతో పెట్టాలి, దూరాన లోతు సముద్రంలో ఉన్న డీ6తో కాదు. ఈ రెంటినీ కలిపి మాట్లాడితే అవతలివాళ్లు ఒక్క మాటతో కొట్టిపారేస్తారు. పని మొదలుకాక ముందే ఊళ్లో గుర్తురాళ్లు పాతి ఎత్తు కొలవాలని, ఏటా మళ్లీ కొలిచి బయటపెట్టాలని షరతు అడగండి.

పైపు మా కొబ్బరితోటలోంచి వెళ్తుందట. నాన్నగారు పోయాక చూసేవాళ్లు లేరు, మేం ఇక్కడే ఉంటున్నాం.

1962 పైపులైన్ల చట్టం కింద భూమి మీ పేరునే ఉంటుంది, అందులో పైపు వేసుకునే హక్కు మాత్రం తీసుకుంటారు. ఆ పట్టీలో ఇల్లు కట్టకూడదు, బావి, చెరువు తవ్వకూడదు, చెట్టు పెట్టకూడదు. కొబ్బరిచెట్టు పెట్టకూడదంటే కోనసీమలో ఇక ఆ పట్టీ ఎందుకు పనికొస్తుంది? దానికి ఇచ్చేది మార్కెట్ విలువలో 10 శాతం, దానికి తోడు చెట్లు, పంట నష్టం. నోటిఫికేషన్ వచ్చిన 21 రోజుల్లోగా అభ్యంతరం రాసివ్వాలి. పాస్‌బుక్ ఇంకా నాన్నగారి పేరునే ఉంటే మీదాకా కబురే రాదు. ముందు పేరు మార్పించుకోండి.

ఇక్కడ ఇంట్లో పైప్డ్ గ్యాస్ వాడుతూ, అక్కడ వద్దనడం ఏం న్యాయం?

మా ఇంట్లోనూ పొయ్యి వెలుగుతోంది, నిజమే. భాగ్యనగర్ గ్యాస్ పైపుల్లో వచ్చేది ఏ బావిదో ఎవరూ చెప్పలేరు, అన్నీ గ్రిడ్‌లో కలిసిపోతాయి. కాకినాడ నుంచి గుజరాత్‌లోని భరూచ్ దాకా దాదాపు 1,400 కిలోమీటర్ల పైపు తెలంగాణ మీదుగానే పోతుంది. వాడుకునేవాళ్లం కాబట్టి నోరు మూసుకోవాలనే వాదన నాకు ఎక్కదు. అన్నం తినేవాడు రైతుకు గిట్టుబాటు ధర అడగకూడదా?

హైదరాబాద్‌లో మనం చేయగలిగేది ఉందా? కేసు ఇక్కడ వేయొచ్చా?

కేసు ఇక్కడ కుదరదు. 2019 జనవరి 1 నుంచి ఆంధ్రప్రదేశ్ హైకోర్టు అమరావతిలో ఉంది. పర్యావరణ అనుమతి మీద అప్పీలు చెన్నైలోని జాతీయ హరిత ట్రిబ్యునల్ దక్షిణ బెంచికి, 30 రోజుల్లోగా. సరైన కారణం చూపిస్తే ఇంకో 60 రోజులు ఇవ్వొచ్చు, ఆపైన తలుపు మూసినట్టే.

మిగతాది మాత్రం చాలా ఉంది. నిజాంపేట వాళ్లు రోజూ దాటుకుంటూ పోయే ప్రగతినగర్‌లోనే కేంద్ర ప్రభుత్వ సముద్ర సమాచార సంస్థ ఇన్‌కాయిస్ ఉంది. చేపలు ఎక్కడ దొరుకుతాయో, అలలు ఎంత ఎత్తున ఉంటాయో మన మత్స్యకారులకు అందే సూచనలు తయారయ్యేది అక్కడే. చమురు ఒలికితే ఎటు కొట్టుకుపోతుందో అంచనా కట్టే వ్యవస్థా వాళ్లకుంది. ప్రాజెక్టు నివేదికలో ‘ఈ ప్రాంతంలో వేట తక్కువ’ అని రాస్తే, అదే చోటికి ఇన్‌కాయిస్ ఎన్నిసార్లు వేట సూచన ఇచ్చిందో తీసి పక్కన పెట్టండి. ఆవేశంగా రాసిన పది పేజీల కంటే అది బలంగా పనిచేస్తుంది.

అనుమతి వచ్చేసింది, గడువూ దాటిపోయింది. ఇక అంతేనా?

అనుమతి పత్రంలో షరతుల జాబితా ఉంటుంది. ఆరు నెలలకోసారి కంపెనీ వాటి అమలు నివేదిక ఇవ్వాలి. సమాచార హక్కు కింద 10 రూపాయలు కట్టి అడిగితే 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. షరతు తప్పితే అది కొత్త ఫిర్యాదు, దానికి గడువు మళ్లీ మొదలవుతుంది.

మా మావయ్య అక్కడ కంపెనీకి వాహనాలు తిప్పుతాడు. నేను సంతకం పెడితే ఇంట్లో గొడవ.

చాలా ఇళ్లల్లో ఇదే పరిస్థితి. వ్యతిరేక పత్రం మీద సంతకం పెట్టలేనివాళ్లు షరతులు అడిగే పత్రం మీద పెట్టొచ్చు. వేటకు ఇబ్బంది లేకుండా పని జరిగితే మావయ్యగారి బండ్లూ ఆగవు కదా. ముందు ఆయనతోనే మాట్లాడండి. ఏ నెలలో ఏ ఓడ వస్తుందో ఊళ్లో అందరికంటే ముందు ఆయనకే తెలుస్తుంది.

ఊళ్లో ఓటు లేదు, ఉండేది ఇక్కడ. నా అభ్యంతరం తీసుకుంటారా?

సభకు వచ్చి మాట్లాడటానికి గానీ, రాసి పంపడానికి గానీ ఓటు అడగరు. ప్రాజెక్టుతో సంబంధం ఉన్న ఎవరైనా కాలుష్య నియంత్రణ మండలికి లిఖితపూర్వకంగా పంపొచ్చు, సొంతూళ్లో ఇల్లు, పొలం, కన్నవాళ్లు ఉన్నాక సంబంధం లేదని ఎవరంటారు? తెలుగులోనే రాయండి. పేరు, ఊరు, అక్కడ మీకున్నది ఏంటి, ప్రకటనలో ఉన్న ప్రాజెక్టు పేరు యథాతథంగా, నివేదికలో ఏ పేజీలో ఏ మాట మీద అభ్యంతరం, బదులుగా ఏం చేయమంటున్నారు. ఒక పేజీ చాలు. యాభైమంది ఒకే కాగితం జిరాక్స్ తీసి పంపితే ఒక్క అభ్యంతరంగా చూసే ప్రమాదం ఉంది, ఎవరిది వాళ్లు రాయండి. స్పీడ్ పోస్టులో, సభ తారీఖు కంటే ముందే చేరేలా పంపి, రసీదు ఫొటో ఊళ్లో చివరిదాకా కూర్చునే ఆ ఇద్దరికీ పంపండి. గల్ఫ్‌లో ఉన్న తమ్ముళ్లకు ఈమెయిల్ కూడా పనికొస్తుంది.